ముత్యాలమ్మ మాట - దూబగుంట పాఠం

1

మన కథాసాహిత్యం ఆర్థిక అసమానతను చూపించడంలో ఎన్నడూ వెనకబడలేదు. అప్పుపత్రం మీద వడ్డీ ఎలా పెరుగుతుందో, కళ్లంలో కూలిగింజలు ఎలా తరుగుతాయో, కోర్టు వరండాలో ఎవరు ఎప్పుడు చెయ్యి చాస్తారో మన రచయితలకు బాగా తెలుసు. తెలిసినదాన్ని దాచుకోకుండా రాశారు కూడా. ఈ విషయంలో అభ్యుదయ సాహిత్యానికి ఎవరి యోగ్యతాపత్రమూ అవసరం లేదు.

కాని ఒక ప్రశ్నను మనం, ముఖ్యంగా విమర్శకులం, తగినంత పట్టుదలతో అడగలేదు. ఈ కథల్లోని సామాన్యుడు రాజకీయాలకు గురి అయ్యేవాడేనా, రాజకీయాలను చేసేవాడు కూడానా? తనను ఎవరు దోచుకుంటున్నారో తెలుసుకున్న మనిషి ఆ మరునాడు ఏం చేస్తాడు? ఎవరి గుమ్మం తొక్కుతాడు? మొదటి మాట ఎవరితో అంటాడు? మన కథలు చాలావరకు ఆ మరునాడు తెల్లవారకముందే ముగిసిపోతాయి. పిడికిలి బిగిసిందనో, తూర్పు ఎర్రబడిందనో ఒక వాక్యం రాసి రచయిత తప్పుకుంటాడు. బిగిసిన పిడికిలికీ మారిన ప్రభుత్వ ఉత్తర్వుకూ మధ్య ఎంతో పని జరగాలి. పదిమంది కూడాలి, చందా వెయ్యాలి, అర్జీ రాయాలి, భయపడి వెనక్కిపోయిన వాళ్ళను మళ్ళీ పిలుచుకురావాలి. ఈ పని కథలోకి రాదు. పాఠకుడు అసమానతను గురించి తెలుసుకుంటాడు. దాన్ని మార్చడమెలాగో మాత్రం అతనికి రహస్యంగానే మిగిలిపోతుంది.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించడంకన్న రెండు రచనలను పక్కపక్కన పెట్టి చూడడం మేలు. ఒకటి రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'మాయ'. 'ఆరు సారాకథలు' సంపుటిలోని ఆ కథను తెలుగు కథ గురించి మాట్లాడే ప్రతివాడూ తలుచుకుంటాడు. రెండవది నెల్లూరు జిల్లాలో కొత్తగా అక్షరాలు దిద్దిన కూలి స్త్రీలకోసం అచ్చువేసిన వాచకంలోని ఒక చిన్న పాఠం, 'ఆడవాళ్ళు ఏకమైతే'. సాహిత్య చరిత్రలు దీన్ని లెక్కలోకి తీసుకోవు. రెండింటికీ వస్తువు ఒకటే: సారా. రెండింటి మధ్యా సుమారు ముప్పయి ఏళ్ళ దూరం ఉంది. ఆ దూరంలోనే నా ప్రశ్నకు జవాబు ఉందని నేననుకుంటున్నాను.

2

ముందు సరుకును గురించి నాలుగు మాటలు. తెలుగుదేశంలో సారా ఎప్పుడూ కేవలం తాగే వస్తువుగా ఉండలేదు, అది రాజకీయ సరుకు. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధ చట్టం తెచ్చి సేలంలో మొదలుపెట్టింది. తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. స్వాతంత్ర్యానంతరం మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. కొత్తగా ఏర్పడిన ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశంగారి మంత్రివర్గం 1954 నవంబరులో పడిపోయింది కూడా ఈ నిషేధం సమస్య మీదనే, అదీ ఒక్క వోటు తేడాతో. 1969లో నిషేధం పోయింది. అటుతర్వాత కథ అంతా రాబడి కథ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఆబ్కారీ మీద 1970-71లో వచ్చింది సుమారు 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది.

ఈ అంకెలను చదవడం సాహిత్య విద్యార్థికి కూడా అవసరమే. ఈ డబ్బు ఎక్కడిది? ఏటా సారా దుకాణాలను ప్రభుత్వం వేలం వేస్తుంది. పాడుకున్న కంట్రాక్టరు పాట సొమ్ము కట్టాలి, పైన లాభం తియ్యాలి, దారిలో ఉన్న ప్రతి అధికారి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. ఇదంతా చివరికి రాలేది కూలివాడి దినకూలి నుంచే. దుకాణం ఊరికి దూరంగా ఉంటే అమ్మకం తగ్గుతుంది కనుక సారా ఊరి నడిబొడ్డుకు, మాలపల్లె మొగదలకు, చేనుగట్టుకు రావాలి. 1980లలో 'వారుణి వాహిని' అనే అందమైన సంస్కృత నామంతో ప్రభుత్వమే సారాను పొట్లాలలోకి ఎక్కించింది. పొట్లం జేబులో పడుతుంది, అరువుకు దొరుకుతుంది. కూలిలో కొంత భాగం కింద పొట్లాలే ఇచ్చిన ఆసాములు కూడా లేకపోలేదు. 1983 నుంచి కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చిన ప్రభుత్వమే ఆ బియ్యం కొనవలసిన రెండు రూపాయలను సారా దుకాణంలో తిరిగి రాబట్టుకుంటున్నదని లెక్క తెలిసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. ధనవంతుడి మీద వెయ్యలేని పన్నును పేదవాడి గొంతులోనుంచి తీసుకోవడమే ఈ విధానం సారం. ఇక్కడ అసమానతా, రాజ్యమూ ఒకే పొట్లంలో కట్టబడి ఉన్నాయి. అందుకే సారా మీద రాసిన కథ ఎంత చిన్నదైనా రాజ్యాన్ని గురించిన కథే అవుతుంది.

3

ఈ సంగతిని అందరికన్న ముందు, అందరికన్న లోతుగా గ్రహించిన రచయిత రావిశాస్త్రి. ఆయన రాసింది నిషేధం ఉన్న కాలాన్ని గురించి, 1960ల మొదటి రోజుల విశాఖపట్నాన్ని గురించి. చట్టం సారాను కూడదంటుంది. సారా ప్రవహిస్తూనే ఉంటుంది. పోలీసులకు మామూళ్ళు కావాలి, మామూళ్ళతోపాటు లెక్కకు కేసులు కూడా కావాలి. ప్లీడర్లకు ఫీజులు కావాలి. ఈ యంత్రం తిరగడానికి వేసే ఇంధనం సారా అమ్ముకుని పొట్ట పోసుకునే పేద ఆడది. స్వయంగా ప్లీడరు కావడంవల్ల శాస్త్రిగారికి ఈ యంత్రం ప్రతి చక్రమూ తెలుసు.

'మాయ'లోని ముత్యాలమ్మ ఆ యంత్రంలో పడిన మనిషి. కొత్తగా వృత్తిలోకి వచ్చిన యువ ప్లీడరుకు చట్టం మీద ఇంకా కొంత నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని ముత్యాలమ్మ తన మాటలతో పొరలు పొరలుగా ఒలిచేస్తుంది. డబ్బున్నవాడికి చట్టం ఎలా వంగుతుందో, లేనివాడి మీద ఎలా పడుతుందో, పోలీసు మొదలు పెద్దమనుషుల దాకా ఎవరి ధర ఎంతో ఆమె చెబుతుంది. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు, ఏ సభకూ పోలేదు. అయినా రాజ్యస్వభావం గురించి ఆమెకు ఉన్న స్పష్టత మన రాజకీయ ఉపన్యాసాలలో చాలావాటికి లేదు. శాస్త్రిగారు ఆ స్పష్టతకు ఆమె యాసనే ఇచ్చారు. విశాఖ మాండలికంలో అంత దీర్ఘమైన, అంత తర్కబద్ధమైన ఉపన్యాసాన్ని ఒక నిరక్షరాస్య నోట పలికించడం, అందులో ఒక్క మాట కూడా అరువు తెచ్చినట్టు లేకపోవడం తెలుగు కథ సాధించిన గొప్ప విజయాలలో ఒకటి.

ఇంతవరకు ఎవరూ కాదనరు. నేనడగదలిచిందల్లా ఇది: ముత్యాలమ్మ ఎవరితో మాట్లాడుతున్నది?

ఆమె ప్లీడరుతో మాట్లాడుతున్నది. కథలో ఆమెకు శ్రోత అతడొక్కడే. అతడు మధ్యతరగతి మనిషి, సున్నితమైన మనసు కలవాడు, సిగ్గుపడగలవాడు. పత్రికలో ఆ కథను చదివిన పాఠకుడు కూడా సరిగ్గా అతడే. ముత్యాలమ్మ నిజం చెప్పడమూ, అతడు తలదించుకోవడమూ, అతనితోపాటు మనమూ తలదించుకోవడమూ కథ మన మీద చేసే పని. అది చిన్న పని కాదు. ఒక తరం యువకులు ఆ సిగ్గులోనుంచి రాజకీయాల్లోకి నడిచారు. కాని ఈ ఏర్పాటులో ముత్యాలమ్మకు ఏం మిగిలింది? తనలాంటి మరో ముత్యాలమ్మతో ఆమె ఈ మాటలు అని ఉంటే ఏమయ్యేది? కథలో ఆమెకు ఇరుగుపొరుగు లేరు. కోర్టు ఆవరణలో ఆమెవంటి వాళ్ళు పదులమంది ఉండి ఉంటారు. వాళ్ళు ఆమె మాట వినరు. ఆమెది సంపూర్ణమైన జ్ఞానం, సంపూర్ణమైన ఒంటరితనం.

దీన్ని లోపమని అనడం న్యాయం కాదు. 1960ల మొదట్లో సారా అమ్ముకునే స్త్రీలు కూడబలుక్కుని కోర్టును నిలదీసినట్టు రాసి ఉంటే అది అబద్ధమయ్యేది, శాస్త్రిగారు అబద్ధం రాసే మనిషి కాడు. ఆయన ఆ కాలం సత్యాన్ని రాశారు. మన తప్పల్లా ఆ కాలం సత్యాన్ని కథకు శాశ్వతమైన నమూనాగా తీసుకోవడం. పేదవాడు నిజం చెప్పాలి, చదువుకున్నవాడు విని సిగ్గుపడాలి. ఈ మూసలో ఎన్ని వందల కథలు వచ్చాయో లెక్కలేదు.

'యజ్ఞం'తో పోల్చి చూస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. కాళీపట్నం రామారావుగారి ఆ కథ వచ్చింది 1964లో. అప్పల్రాముడి అప్పు తగవు తీర్చడానికి ఊరంతా కూడుతుంది. పంచాయితీ ఉంది, ఊరికి మంచి చేశాడనిపించుకున్న శ్రీరాములునాయుడు ఉన్నాడు, వాదప్రతివాదాలు ఉన్నాయి. పల్లెటూరి ప్రజాస్వామ్యం పూర్తి కొలువుతీరి ఉంది. ఆ కొలువులో ఊరిజనం చేసే పని ఏమిటి? చూడడం. వాళ్ళు సాక్షులు. తీర్పు పైనుంచి వస్తుంది, ధర్మం పేరుతో వస్తుంది. దాన్ని కాదనదలిచిన సీతారాముడికి ఆ సభలో మాట చెల్లక చివరికి తన బిడ్డనే నరికి తెస్తాడు. ఆ ముగింపు సంభవమా, అసంభవమా అని మన విమర్శకులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. నాకు కనిపించేది వేరే సంగతి. సభలో అందరికీ కూర్చునే చోటు ఉండి, మాట చెల్లించుకునే చోటు లేనప్పుడు మనిషి చర్య తన మీదికే, తన కడుపున పుట్టినవాడి మీదికే తిరుగుతుందని కారా మాస్టారు చూపించారు. అక్కడ లేనిది తెలివి కాదు, ధైర్యం అసలే కాదు. పక్కవాడు లేడు.

4

ఇక దూబగుంట పాఠానికి వద్దాం. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలిచేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి దీపాల కింద కూర్చుని అక్షరాలు దిద్దారు. చదవను నేర్చినవాళ్ళు మళ్ళీ మరిచిపోకుండా ఉండడానికి తయారుచేసిన వాచకంలోది 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠం. కలిగిరి ప్రాంతంలోని దూబగుంట అనే పల్లెలో జరిగినదాన్ని అది చెబుతుంది. పాఠం మహా అయితే పేజీ. వర్ణన లేదు, పాత్రపోషణ లేదు, ఉపమానం లేదు. అయినా దాన్ని శ్రద్ధగా చదవండి.

మొదటి విశేషం, కథ చెప్పేది 'మేము'. మేము కూలివాళ్ళం, మా మగవాళ్ళూ కూలివాళ్ళే, వాళ్ళ సంపాదన సారా దుకాణానికి పోతున్నది అనే ధోరణిలో పాఠం నడుస్తుంది. ఇందులో నాయిక లేదు. తర్వాత పత్రికలు దూబగుంట రోశమ్మను ఈ ఉద్యమానికి ముఖంగా చేశాయి, ఆమె అందుకు తగినది కూడా. కాని పాఠంలో ఉన్నది ఊరి ఆడవాళ్ళు, ఆ బహువచనమే. తెలుగు వచనంలో ఉత్తమపురుష బహువచనం ఎంత అరుదో గమనించండి. మన కథలకు 'నేను' తెలుసు, 'అతడు' తెలుసు, 'ప్రజలు' అనే దూరపు మాట తెలుసు. 'మేము' అని కథ చెప్పాలంటే చెప్పేవాడు గుంపు లోపల ఉండాలి.

రెండవది, ఆ పాఠంలోని ఒక్క రూపాయి. దాదాపు వందమంది ఆడవాళ్ళు ఊరిబయట కల్లుబండిని ఆపుతారు. కల్లు పారబొయ్యమంటారు. నీకు నష్టం రాకుండా మేమంతా మనిషికి ఒక్కొక్క రూపాయి వేసి ఇస్తామంటారు. బండివాడు బెదిరిపోతాడు, మళ్ళీ ఆ ఊరికి కల్లు రాదు. తర్వాత సారా జీపు వస్తుంది. దాన్ని చుట్టుముడతారు. ఈసారి రూపాయి మాట లేదు, కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామన్న హెచ్చరిక ఉంది. దుకాణం మూతపడుతుంది.

ఈ తేడాను చూడండి. బండివాడు తమలాంటివాడు, కల్లు పోతే వాడి పిల్లలు పస్తుంటారు. కనుక వాడిని ఆపుతూనే వాడి నష్టాన్ని పంచుకుంటారు. జీపు వెనక ఉన్నది కంట్రాక్టరు, అతని వెనక వేలం, వేలం వెనక ప్రభుత్వం. అతని నష్టానికి వీళ్ళు పూచీ పడనక్కర్లేదు. దినకూలితో బతికే మనిషికి రూపాయి బరువు ఎంతో తెలిసినవాళ్ళు వేసిన లెక్క ఇది. వర్గ విశ్లేషణ అని మనం పెద్ద పేరు పెట్టి పేజీలు పేజీలు రాసేది ఇక్కడ బండికి ఒక మాటగా, జీపుకు ఒక మాటగా రెండు వాక్యాలలో ఉంది. శత్రువు ఎవరు, తోటివాడు ఎవరు, తోటివాడే దారికి అడ్డంగా నిలబడితే ఏం చెయ్యాలి? మన నవలల్లో తొందరగా దాటేసే చిక్కుముడి ఇదే. దూబగుంట ఆడవాళ్ళు దాన్ని రూపాయితో విప్పారు.

మూడవది అన్నిటికన్న ముఖ్యం: ఈ పాఠం ఎవరితో మాట్లాడుతున్నది? మరో ఊరి రాత్రిబడిలో వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదువుతున్న మరో కూలిమనిషితో. ఆమె సిగ్గుపడవలసిన అవసరం లేదు. పాఠం పూర్తయ్యాక ఆమె నోట వచ్చే ప్రశ్న ఒకటే: మన ఊళ్ళోనో? ఆ ప్రశ్న పైకి అనడానికి పక్కనే పదిమంది ఉన్నారు, రేపు రాత్రి మళ్ళీ కూడుకునే చోటు ఉంది. ముత్యాలమ్మకు లేనివన్నీ ఇక్కడ ఉన్నాయి.

తర్వాత జరిగినది చరిత్ర. ఊరి తర్వాత ఊరు దుకాణాలు మూయించింది. చీపుళ్ళూ, కారంపొడీ ఆయుధాలయ్యాయి. 1992లో నెల్లూరులో జరగవలసిన సారా వేలం పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. పాట జరిగేచోట ఆడవాళ్ళు వేలల్లో బైఠాయించారు. 1993 ఏప్రిల్ లో నెల్లూరు జిల్లాలో, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. ఇంత పెద్ద రాబడిని ఒక ప్రభుత్వం వదులుకున్నది ఆర్థికశాస్త్రజ్ఞుల సలహాతో కాదు, ఏ పార్టీ తీర్మానంతోనూ కాదు. ఆ తర్వాత నలభై రోజులకు, నవంబరు 10న, రావిశాస్త్రిగారు కన్నుమూశారు. ముత్యాలమ్మను సృష్టించిన మనిషి తన చివరి రోజుల్లో ముత్యాలమ్మలు వేలం పాటలు ఆపిన వార్తలు వచ్చిన కాలంలో జీవించి ఉన్నారన్నది ఆలోచించదగిన విషయం.

5

ఇక్కడ మన మిత్రులు కొందరు అభ్యంతరం చెబుతారు. అది న్యాయమైనదే కనుక జవాబు చెప్పాలి. ఆ వాచకం ప్రభుత్వం నడిపిన కార్యక్రమంలో భాగం కదా, పాలకవర్గాల డబ్బుతో అచ్చయిన పుస్తకానికి సాహిత్య గౌరవం ఇస్తారా అని వారి ప్రశ్న. పాఠంలో ఆ ముద్ర లేదని నేనను. తమ గెలుపుకు కారణం చదువేనని పాఠం చివర ఆడవాళ్ళచేత చెప్పిస్తుంది. అది అక్షరాస్యతా కార్యక్రమం గొంతు. కథను కొంచెం బడిలోకి లాక్కుపోయే గొంతు. వందమంది ఊరిబయటకు నడిచి రావడం, రూపాయి వేసుకుంటామనడం, జీపు కదలకుండా నిలబడడం అక్షరమాలతో వచ్చినవి కావు. చదువు వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టింది, జరిగినదాన్ని మరో ఊరికి మోసుకుపోయింది. అంతవరకే దాని పాత్ర. అయితే ఈ చివరిమాట కథను చంపలేకపోయింది. చదివినవాళ్ళు నీతిని పక్కనబెట్టి ఉదాహరణను తీసుకున్నారు. పోషకుడి ఉద్దేశాన్ని దాటిపోయే శక్తి వస్తువుకు ఉంటుందని మనం పెద్ద పెద్ద నవలల విషయంలో ఒప్పుకుంటాం. ఒక వాచకం విషయంలో ఎందుకు ఒప్పుకోకూడదు?

రెండో అభ్యంతరం మరోవైపునుంచి. ఇది సంస్కరణవాదం, తాగుడు మాన్పించే నీతిబోధ, భూమినీ కూలినీ వదిలేసి సీసాను పట్టుకోవడం అని. ఈ మాట అనేవాళ్ళు వేలం పాటను మరిచిపోతున్నారు. ఆ స్త్రీలు భర్తకు బుద్ధి చెప్పి ఊరుకోలేదు. తమ కూలి ఏ దారిన ఎవరి ఖజానాకు చేరుతున్నదో కనిపెట్టి, ఆ దారిలో అడ్డంగా కూర్చున్నారు. అది రాజ్యంతో నేరుగా పెట్టుకున్న తగవు. తెలంగాణ పల్లెల్లో విప్లవ సంస్థలు కూడా అదే కాలంలో సారా దుకాణాలు మూయించాయి. ఆ పనిని తక్కువ చెయ్యనక్కర్లేదు. కాని బయటివాళ్ళు మూయించిన దుకాణం వాళ్ళు లేనప్పుడు తెరుచుకునే వీలుంది. ఊరి ఆడవాళ్ళు మూయించినదాన్ని తెరవాలంటే రోజూ వాళ్ళ ఎదురుగానే తెరవాలి.

6

అయితే విజయగాథగా ఈ వ్యాసాన్ని ఇక్కడ ముగిస్తే నేను కూడా తూర్పు ఎర్రబడిందని రాసి తప్పుకున్న రచయితనే అవుతాను. తర్వాత జరిగింది కూడా చూడాలి.

1994 డిసెంబరులో సంపూర్ణ మద్యనిషేధం హామీతో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చింది. 1995 జనవరిలో నిషేధం అమలులోకి వచ్చింది. ఊరి ఆడవాళ్ళు తమ చేతులతో చేస్తున్న పని ఇప్పుడు ఎక్సైజు శాఖ పని అయింది. 'మేము' అన్న కర్త వాక్యంలోంచి జారిపోయింది. దాని స్థానంలోకి అక్కచెల్లెళ్ళకు అన్నగారిచ్చిన కానుక వచ్చింది. రాజకీయాలను చేసినవాళ్ళు రాజకీయాల లబ్ధిదారులుగా మారిపోయారు. దుకాణం ముందు కాపలా కూర్చున్న మనిషి ఇంటికి వెళ్ళింది, ఆ కాపలా పోలీసు చేతికి వచ్చింది. అప్పుడేం జరిగిందో తెలుసుకోవాలంటే మనం మళ్ళీ 'ఆరు సారాకథలు' తెరవాలి. పొరుగు రాష్ట్రాలనుంచి దొంగసరుకు, కాపుసారా, మామూళ్ళు, కేసులు. ముప్పయి ఏళ్ళనాటి విశాఖపట్నం రాష్ట్రమంతటా తిరిగివచ్చింది. 1997లో నిషేధాన్ని సడలించారు. ఖజానా ఖాళీ అయిందన్నారు, అమలు సాధ్యం కాదన్నారు.

రెండో మాట నిజం కూడా. ప్రజలు లేకుండా అమలు సాధ్యం కాదు. రావిశాస్త్రి చెప్పింది అదే. ముత్యాలమ్మ మాట, దూబగుంట పాఠం ఒకదాన్నొకటి కొట్టిపారేసేవి కావని ఇక్కడ బోధపడుతుంది. పైనుంచి దిగిన చట్టం పేదవాడి మీద పడుతుందని మొదటిది చెబుతుంది. కిందినుంచి వచ్చిన ఒత్తిడి చట్టాన్ని పుట్టించగలదని రెండవది చెబుతుంది. చట్టం పుట్టగానే ఒత్తిడి ఆగిపోతే రెండవదాని చివర మళ్ళీ మొదటిది మొదలవుతుంది. వోటు వెయ్యడంతో పౌరుడి పని తీరిపోతుందనుకునే సమాజంలో ఈ వలయం తెగదు.

వేలం కూడా రూపం మార్చుకుని బతికే ఉంది. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పయి వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుము 2 లక్షల రూపాయలు. దుకాణం తెరవకముందే, సీసా మూత తీయకముందే ఖజానాకు రెండువేల అయిదువందల కోట్లు దాటి చేరిపోయాయి. ఆంధ్రలో 2019లో దశలవారీ నిషేధమన్నారు, దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, 2024లో మళ్ళీ ప్రైవేటుకు ఇచ్చారు. పార్టీలు మారాయి. కూలి సొమ్ము ప్రయాణం చేసే దారి మారలేదు. ఆ దారిలో అడ్డంగా కూర్చున్న 'మేము' మాత్రం ఇప్పుడు కనిపించడం లేదు.

7

రచయితలు దీన్నించి తీసుకోవలసింది ఏమిటి? వాచకాలు రాయమని నేను చెప్పడం లేదు. 'మాయ' వంటి కథ వద్దనడం ఇంకా మూర్ఖత్వం. మన సంప్రదాయంలో రెండో దారి కూడా లేకపోలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' (1955) సాయుధ పోరాటానికి ముందరి తెలంగాణ పల్లెలో సంఘం పుట్టకముందు జరిగే చిన్నచిన్న పనులను ఓపికగా చూపించింది. 'దేశోద్ధారక గ్రంథమాల' పుస్తకాలను మనిషి మనిషికీ చేర్చిన ఆ రచయితకు చైతన్యం ఆకాశం నుంచి ఊడిపడదని అనుభవంలో తెలుసు. సుంకర, వాసిరెడ్డిల 'మా భూమి' నాటకాన్ని (1947) ప్రజానాట్యమండలి దళాలు ఏ రైతుల గురించి రాశారో ఆ రైతుల ముందే ఆడాయి. శ్రోత ఎవరన్న ప్రశ్నకు ఆ తరం దగ్గర జవాబు ఉంది. మధ్యలో ఎక్కడో మనం దాన్ని పోగొట్టుకుని, ఒకరి కథలు ఒకరం చదువుకుని సిగ్గుపడడానికి అలవాటుపడ్డాం.

కనుక సామాన్యుడి గురించి కథ రాసే మిత్రులను నేను కోరేది చిన్న కోరిక. మీ కథలో మనిషికి కళ్ళు తెరుచుకున్నచోట కథ ఆపకండి. మరునాడు పొద్దున ఆమె ఎవరి తలుపు తట్టిందో రాయండి. ఆ తలుపు తెరుచుకోకపోతే అదీ రాయండి. రూపాయి వెయ్యనన్నది ఎవరో, వేసిన రూపాయిలు ఎవరి కొంగున ముడివేశారో, లెక్కలో తేడా వస్తే ఏం జరిగిందో రాయండి. కులం ఎక్కడ అడ్డుపడిందో, ఒకే బావి నీళ్ళు తాగనివాళ్ళు ఒకే జీపుకు ఎలా అడ్డం నిలబడ్డారో రాయండి. అన్నిటికన్న ముఖ్యంగా గెలిచిన తర్వాతి సంవత్సరం గురించి రాయండి. తెలుగులో ఓటమి కథలు ఉన్నాయి, పోరాట కథలు ఉన్నాయి. గెలుపును నిలబెట్టుకోలేకపోయిన కథ, ఎందుకు నిలబెట్టుకోలేకపోయామో నిజాయితీగా వెదికే కథ దాదాపు లేదు. 1993 నుంచి 1997 వరకు ఒక నెల్లూరు పల్లెలో ఒక కూలిమనిషి గడిపిన నాలుగేళ్ళు నవలగా రాయవలసినవాడు ఇంకా రాయవలసే ఉంది.

విద్యార్థులకు మరో మాట. సాహిత్య చరిత్ర రాసేటప్పుడు సంపుటాలనూ, బహుమతులనూ మాత్రమే లెక్కపెట్టకండి. ఒక రచన విలువ కట్టేముందు అది ఎవరితో మాట్లాడింది, విన్నవాళ్ళు లేచి ఏం చేశారు అని కూడా అడగండి. ఆ కొలతకు 'మాయ' నిలుస్తుంది. పేరులేని రచయిత రాసిన పేజీడు పాఠం కూడా నిలుస్తుంది. ఎన్ని నిలవవో వెదకడం మన విమర్శ పని.